అధిక రక్తపోటు - ధమనీ కాఠిన్యం

ధమనీ కాఠిన్యం అనగా ధమనుల గోడలు మందమెక్కి, సాగే గుణాన్ని కోల్పోయి గట్టిపడటం. దీనికి దోహదం చేసే ప్రధాన కారణాలలో అధిక రక్తపోటు ఒకటి. తక్కినవి రక్తంలో హెచ్చు కొలెస్టరాల్, పొగాకు వాడకం, మధుమేహం, వయస్సు, వంశపారంపర్యం. రక్తపోటు వలన గుండెకు భారం పెరుగుతుందన్న సంగతి జనసామాన్యానికి తెలిసినదే. కాని ఆ పోటు దెబ్బ పగలూ రాత్రీ తగిలేది రక్తాన్ని మోసే గొట్టాలకు. గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం వంటి ఆపదలు ఒక్క రోజులో వచ్చినట్లు కనిపించినా, వాటిలో అధిక భాగం ధమనుల గోడలలో ఏళ్ళ తరబడి ఏ బాధా లేకుండా జరిగిన మార్పుల పర్యవసానాలే.

వాడుకలో "బి.పి. లేచింది" అంటే కోపం వచ్చిందని అర్థం. కోపం, భయం, పరుగు వంటివి రక్తపోటును కాసేపు పెంచే మాట నిజమే. అయితే అది కొద్ది నిమిషాలలో తగ్గిపోతుంది. వైద్యపరంగా అధిక రక్తపోటు అంటే విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా, వేరువేరు రోజులలో కొలిచినప్పుడు కూడా ఎక్కువగా ఉండే పీడనం. గుండె ముడుచుకున్నప్పటి పీడనాన్ని ముకుళిత పీడనం అనీ, గుండె వదులయినప్పటి పీడనాన్ని వికాస పీడనం అనీ అంటారు. ఈ రెండింటినీ పాదరసపు మిల్లీమీటర్లలో 120/80 అన్నట్లు వ్రాస్తారు. భారతదేశంలోనూ, ఇంకా అనేక దేశాలలోనూ 140/90 లేక అంతకు మించినదానిని అధిక రక్తపోటుగా పరిగణిస్తారు. అమెరికా హృద్రోగ సంఘాలు 2017లో ఈ హద్దును 130/80కి దించాయి. నిజానికి హద్దు అన్నది వైద్యుల సౌకర్యం కోసం గీసుకున్న గీత మాత్రమే. 2002లో ప్రచురితమైన ఒక విశ్లేషణలో 61 పరిశోధనలకు చెందిన పదిలక్షల మంది వివరాలను కలిపి చూడగా, 40 నుండి 69 ఏళ్ళ వయస్సు వారిలో 115/75 మొదలుకొని ముకుళిత పీడనం 20 గాని, వికాస పీడనం 10 గాని పెరిగినప్పుడల్లా గుండెపోటు, పక్షవాతాల వలన మరణించే అవకాశం సుమారు రెట్టింపవుతున్నట్లు తేలింది.

పేర్లు, రకాలు

ధమనీ కాఠిన్యం అనే మాట కింద మూడు వేరువేరు మార్పులు వస్తాయి. మొదటిది పెద్ద, మధ్యరకం ధమనుల లోపొరలో కొవ్వు చేరి ఫలకలు ఏర్పడటం. దీనిని అథిరోస్క్లిరోసిస్ అంటారు. గ్రీకు భాషలో "అథిరా" అనగా అంబలి, "స్క్లిరోస్" అనగా గట్టిది. ఫలకను కోసి చూస్తే పైన గట్టి పెచ్చు, లోపల అంబలి వంటి మెత్తని పదార్థం ఉంటాయి కనుక ఈ పేరు చక్కగా అతికింది. దీనిని జర్మను శాస్త్రజ్ఞుడు ఫెలిక్స్ మార్షండ్ 1904లో పెట్టాడు. రెండవది సూక్ష్మధమనుల గోడలు దళసరెక్కి లోపలి దారి సన్నబడటం. మూడవది ధమని మధ్యపొరలో సున్నం పేరుకొనడం. దీనిని 1903లో వర్ణించిన మోంకెబెర్గ్ పేరుతో పిలుస్తారు. వృద్ధులలోనూ, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలోనూ ఇది ఎక్కువ. వీటికి తోడు, ఫలకలు ఉన్నా లేకపోయినా బృహద్ధమని వంటి పెద్ద ధమనులు వయస్సుతో బిరుసెక్కుతాయి. అధిక రక్తపోటుకు మొదటి రెండు రకాలతోనూ, ఈ బిరుసుదనంతోనూ గాఢమైన సంబంధం ఉంది. అయితే ఆ సంబంధం అన్నింటిలో ఒకే తీరుగా ఉండదు.

ధమని గోడ

ధమని గోడలో మూడు పొరలుంటాయి. లోపొరలో రక్తాన్ని తాకుతూ ఒకే ఒక్క కణం మందాన పరచిన వరుస ఉంటుంది. దీనిని అంతఃస్తరం అంటారు. ఇది కేవలం అస్తరు బట్ట వంటిది కాదు. రక్తనాళం ఎప్పుడు వదులు కావాలో, రక్తం ఎక్కడ గడ్డకట్టకూడదో, ఏ కణాలు గోడలోనికి పోవచ్చునో నిర్ణయించేది ఈ వరుసే. మధ్యపొరలో కండర కణాలు, సాగే తంతువులు, గట్టి కొల్లాజెన్ తంతువులు ఉంటాయి. గుండెకు దగ్గరగా ఉన్న పెద్ద ధమనులలో సాగే తంతువులు ఎక్కువ, దూరం పోయేకొద్దీ కండరం ఎక్కువ. వెలుపొర ధమనిని చుట్టుపక్కల కణజాలంతో కలిపి ఉంచుతుంది.

గోడ మీద పడే ఒత్తిడిని లెక్కకట్టే సూత్రం ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ పేరుతో ప్రసిద్ధం. పీడనాన్ని గొట్టం వ్యాసార్ధంతో గుణించి గోడ మందంతో భాగిస్తే ఆ ఒత్తిడి వస్తుంది. పీడనం పెరిగినప్పుడు ఒత్తిడిని మునుపటి స్థాయికి తెచ్చుకోవాలంటే ధమనికి ఉన్న మార్గాలు రెండే: వ్యాసార్ధాన్ని తగ్గించుకోవడం, గోడను మందం చేసుకోవడం. ధమనులు ఈ రెంటినీ చేస్తాయి. అంటే గోడ మందమెక్కడం మొదట ఒక ఆత్మరక్షణ చర్య. అది అక్కడితో ఆగకపోవడమే చిక్కు.

పీడనమే కారణమనడానికి నిదర్శనాలు

రక్తంలో కొలెస్టరాల్ దేహమంతటా ఒకే తీరుగా ప్రవహిస్తుంది. అయినా ఫలకలు అన్ని రక్తనాళాలలో ఏర్పడవు. సిరలలో పీడనం చాలా తక్కువ, వాటిలో ఫలకలు దాదాపు కనిపించవు. ఊపిరితిత్తులకు రక్తాన్ని కొనిపోయే పుపుస ధమనిలో సాధారణంగా ఉండే పీడనం 25/10 ప్రాంతం. అందులోనూ ఫలకలు అరుదు. కాని పుట్టుకతో వచ్చిన గుండె లోపాల వలన గాని, ఇతర జబ్బుల వలన గాని పుపుస ధమనిలో పీడనం బాగా పెరిగినవారిలో, చిన్న వయస్సులోనే ఆ ధమనిలో కొవ్వు ఫలకలు కనిపిస్తాయి.

బృహద్ధమనిలో ఒకచోట పుట్టుకతోనే ఇరుకు ఉన్న పిల్లలు మరొక నిదర్శనం. వారిలో ఇరుకుకు పైనున్న తల, చేతుల ధమనులలో పీడనం ఎక్కువ, కిందనున్న కాళ్ళ ధమనులలో తక్కువ. దేహం ఒకటే, రక్తం ఒకటే, తిండి ఒకటే. అయినా శస్త్రచికిత్స ఆలస్యమైతే ఇరుకుకు పైనున్న ధమనులే ముందుగా దెబ్బతింటాయి.

అన్నింటికంటె స్పష్టమైన నిదర్శనాన్ని శస్త్రవైద్యులు తమకు తెలియకుండానే సృష్టించారు. హృద్ధమనులు పూడిపోయినవారికి కాలి నుండి తీసిన సిరను అడ్డుదారిగా అమర్చే బైపాస్ శస్త్రచికిత్స 1967 తరువాత, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనె ఫవలోరో కృషితో వ్యాప్తిలోకి వచ్చింది. కాలిలో ఉన్నంతకాలం ఏ ఫలకా ఎరుగని ఆ సిర, గుండె మీద ధమని పీడనానికి లోనయ్యాక కొద్ది నెలలలోనే గోడను మందం చేసుకుంటుంది. ఆ పైన కొన్నేళ్ళకు దానిలో ఫలకలు ఏర్పడతాయి. ఇటువంటి సిరలలో సుమారు సగం పదేళ్ళలో పూడిపోతున్నట్లు వైద్యులు గమనించారు. రొమ్ము లోపలి ధమనిని అమర్చినప్పుడు అది చాలా ఎక్కువ కాలం మన్నుతుంది.

అయితే పీడనం ఒక్కటే సర్వమూ కాదు. ఒకే ధమనిలో కూడా ఫలకలు శాఖలు చీలే చోట, వంపుల లోపలి అంచున ఎక్కువగా వస్తాయి. రక్తం తిన్నగా వేగంగా పోయే చోట అంతఃస్తర కణాలు ప్రవాహ దిశలో పొడవుగా ఒద్దికగా అమరి ఉంటాయి. సుడులు తిరుగుతూ మందగించే చోట ఆ అమరిక చెదరి, కణాల మధ్య సందులు పెరుగుతాయి. అధిక పీడనం దెబ్బ ఇటువంటి బలహీనమైన తావులలో హెచ్చుగా తగులుతుంది.

ఫలక ఏర్పడే తీరు

అంతఃస్తరం ఆరోగ్యంగా ఉన్నప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును నిరంతరం తయారుచేస్తుంది. ఇది ధమని కండరాన్ని వదులు చేస్తుంది, సూక్ష్మ రక్తఫలకలు గోడకు అంటుకోకుండా చూస్తుంది, తెల్లకణాలను దూరంగా ఉంచుతుంది. రక్తనాళాలలో ఈ వాయువు పాత్రను కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. అధిక పీడనం వలన గోడ అతిగా సాగినప్పుడు కణాలలో చురుకైన ఆమ్లజని అణువులు పుట్టి ఈ నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తాయి. రక్తపోటు ఉన్నవారిలో తరచు చురుకుగా ఉండే యాంజియోటెన్సిన్ అనే రసాయనం కూడా ఇదే పని చేస్తుంది. ఈ రసాయనం రక్తనాళాలను బిగించి పోటును పెంచడమే గాక, పోటుతో పనిలేకుండా నేరుగా కూడా గోడకు హాని చేస్తుందన్నమాట.

ఇక రెండవ మెట్టు. పీడనం ఎక్కువైన కొద్దీ రక్తంలోని అల్పసాంద్రత కొలెస్టరాల్ రేణువులు గోడలోనికి ఎక్కువగా నెట్టబడతాయి. లోపొరలో చిక్కుకున్న రేణువులు ఆక్సీకరణం చెందుతాయి. దెబ్బతిన్న అంతఃస్తర కణాలు తమ పైతలం మీద జిగురు వంటి మాంసకృత్తులను నిలుపుతాయి. రక్తంలో పోతున్న తెల్లకణాలు వాటికి అంటుకొని గోడలోకి చొరబడి, భక్షక కణాలుగా మారి ఆ కొవ్వును మింగుతాయి. కడుపు నిండా కొవ్వుతో సూక్ష్మదర్శినిలో నురుగులా కనిపించే ఈ కణాలను నురుగు కణాలు అంటారు. అవి చచ్చినచోట మిగిలేదే ఆ "అంబలి". మధ్యపొర నుండి వలస వచ్చిన కండర కణాలు దాని మీద పీచుతో ఒక పెచ్చును నేస్తాయి. గోడకు కలిగే గాయమే ఈ వ్యాధికి ఆరంభమని 1970 దశకంలో ప్రతిపాదించిన అమెరికా శాస్త్రజ్ఞుడు రస్సెల్ రాస్, తరువాతి కాలంలో దీనిని తాప ప్రక్రియగా వివరించాడు. ఈ అభిప్రాయం నేడు స్థిరపడింది.

పీడనం పాత్ర ఫలక ఏర్పడటంతో ముగియదు. ప్రాణం తీసేది సాధారణంగా ఫలక కాదు, అది పగలడం. పలుచని పెచ్చు పీడనపు తాకిడికి చిట్లినప్పుడు లోపలి పదార్థం రక్తాన్ని తాకుతుంది. క్షణాలలో రక్తం గడ్డకట్టనారంభిస్తుంది, దారి మూసుకుంటుంది. హృద్ధమనిలో జరిగితే గుండెపోటు. కంఠధమనిలో జరిగి గడ్డ మెదడుకు కొట్టుకొనిపోతే పక్షవాతం.

జపాను అనుభవం

పోటు ఉన్నంత మాత్రాన హృద్ధమనులలో ఫలకలు తప్పక వస్తాయా అన్న ప్రశ్నకు జపాను చరిత్ర మంచి సమాధానం. 1950, 60 దశకాలలో ఉత్తర జపానులోని అకిటా ప్రాంతపు రైతులు ఊరబెట్టిన కూరలు, సోయా పులుసుల ద్వారా దినానికి 25 గ్రాములకు పైగా ఉప్పు తినేవారు. అధిక రక్తపోటు విస్తారంగా ఉండేది. పక్షవాతపు మరణాలు ప్రపంచంలోనే ఎక్కువ అనదగిన స్థాయిలో ఉండేవి. అయితే గుండెపోటు మాత్రం అరుదు. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఆధ్వర్యంలో మొదలైన ఏడు దేశాల పరిశోధన కూడా జపాను గ్రామాలలో గుండెపోట్లు చాలా తక్కువని చూపింది. కారణం, వారి ఆహారంలో జంతువుల కొవ్వు స్వల్పం, రక్తంలో కొలెస్టరాల్ తక్కువ.

జంతువులపై చేసిన ప్రయోగాలూ ఇదే చెప్పాయి. కొలెస్టరాల్ తక్కువగా ఉంచి పోటు మాత్రమే పెంచితే గోడలు మందమెక్కుతాయి గాని కొవ్వు ఫలకలు పెద్దగా రావు. రెండూ కలిసినప్పుడు నష్టం వేగంగా జరుగుతుంది. కొవ్వు ఫలకకు ముడిసరుకు కొలెస్టరాల్ అయితే, దానిని గోడలోకి తోసేది పీడనం. సూక్ష్మధమనుల విషయంలో మాత్రం పీడనానికి ఏ తోడూ అక్కరలేదు. అకిటా రైతుల మెదడులో చిట్లినవి అవే.

సూక్ష్మధమనులు

మెదడులో లోతైన భాగాలకు రక్తాన్నిచ్చే సన్నని ధమనులు పెద్ద ధమనుల నుండి నిటారుగా చీలి వస్తాయి కనుక పీడనపు తాకిడి వాటికి నేరుగా తగులుతుంది. ఏళ్ళ తరబడి పోటుకు లోనైతే వాటి గోడలోని కండరం నశించి గాజులా మెరిసే పదార్థం నిండుతుంది. అటువంటి నాళం మూసుకుపోతే మెదడులో గింజంత గుంట పడుతుంది. చిట్లితే మెదడులో రక్తస్రావం. ఈ నాళాల మీద ఉబ్బిన బుడిపెలను ఫ్రాన్సులో షార్కో, బుషార్ 1868లో వర్ణించారు. చిన్న గుంటలు అనేకం పడినప్పుడు నడక తడబడటం, జ్ఞాపకశక్తి సన్నగిల్లడం సంభవిస్తాయి. ఇంట్లోవారు దీనిని వృద్ధాప్య సహజమని సరిపెట్టుకోవడం మామూలే.

మూత్రపిండాలలో వడపోత గుచ్ఛాలకు రక్తాన్నిచ్చే నాళాలు ఇదే విధంగా గాజుబారి ఇరుకవుతాయి. పోటు అతి తీవ్రంగా, వేగంగా పెరిగినప్పుడు ఈ నాళాల గోడ ఉల్లిపాయ పొరల వలె వరుసలు వరుసలుగా మందమెక్కుతుంది.

దేహంలో సూక్ష్మధమనులను కోత లేకుండా కంటితో చూడగల చోటు ఒక్కటే, అది కంటి రెటీనా. పోటు పాతబడిన కొద్దీ అక్కడి ధమనికలు మొదట రాగి తీగల వలె, పిదప వెండి తీగల వలె మెరుస్తాయి. ధమని సిరను దాటే చోట సిర నొక్కుకుపోయినట్లు కనిపిస్తుంది. 1939లో కీత్, వాగెనర్, బార్కర్ ఈ మార్పులను నాలుగు తరగతులుగా విభజించారు. సరైన మందులు లేని ఆ రోజులలో నాలుగవ తరగతికి చేరినవారిలో ఐదుగురికి నలుగురు ఏడాదిలోగా మరణించారు. అధిక రక్తపోటు ఉన్నవారిని కంటి వైద్యుని వద్దకు పంపడానికి కారణం చూపు పరీక్ష ఒక్కటే కాదు.

పెద్ద ధమనుల బిరుసుదనం

గుండె ముడుచుకున్నప్పుడు బయటకు వచ్చిన రక్తంలో కొంత భాగాన్ని బృహద్ధమని సాగి తనలో దాచుకుంటుంది, గుండె వదులయినప్పుడు ముడుచుకొని దానిని ముందుకు పంపుతుంది. కొలిమి తిత్తిలా గుండె విడతలు విడతలుగా ఊదినా, రక్తం సన్నని నాళాలను ధారగా చేరడం ఈ సాగే గుణం వలననే. 1899లో జర్మను శాస్త్రజ్ఞుడు ఒట్టో ఫ్రాంక్ దీనిని గణితరూపంలో వివరించాడు.

సాగే తంతువులు శైశవంలోనూ, బాల్యంలోనూ తయారవుతాయి. పెద్దవారిలో కొత్తవి పుట్టడం చాలా తక్కువ. నిమిషానికి 70 చొప్పున గుండె దినానికి లక్షసార్లు, ముప్ఫై ఏళ్ళలో 110 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. అన్నిసార్లు సాగి ముడిచిన తంతువులు అలసిన లోహపు తీగల వలె తెగుతాయి. వాటి స్థానాన్ని సాగని కొల్లాజెన్, కొంతవరకు సున్నం ఆక్రమిస్తాయి. ఇది వయస్సుతో అందరిలో జరిగేదే. అధిక రక్తపోటు ప్రతి సాగుడులోనూ తంతువుల మీద భారాన్ని పెంచి, ఈ అరుగుదలను పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ముందుకు జరుపుతుంది.

బిరుసుదనాన్ని కొలిచే సాధనం నాడి తరంగ వేగం. గట్టి గొట్టంలో తరంగం వేగంగా పోతుంది. యువకుల బృహద్ధమనిలో ఈ వేగం సెకనుకు 5, 6 మీటర్లు ఉండగా, మెడ నుండి గజ్జ వరకు కొలిచినప్పుడు 10 మీటర్లు దాటితే ప్రమాద సూచనగా భావిస్తారు. హైదరాబాదు సమీప గ్రామాలలో, 1987-90 మధ్య జరిగిన పోషకాహార పథకంలో లబ్ధి పొందిన తల్లుల పిల్లలను పెద్దవారయ్యాక పరిశీలించినప్పుడు కొలిచినవాటిలో ఇదీ ఒకటి.

విషవలయం

పోటు ధమనులను గట్టిపరుస్తుంది, గట్టిపడిన ధమనులు పోటును పెంచుతాయి. ఇది రెండు విధాల జరుగుతుంది.

గుండె పంపిన తరంగం దూరపు శాఖల వద్ద కొంత ప్రతిఫలించి వెనుకకు వస్తుంది. మెత్తని ధమనులలో అది నెమ్మదిగా, గుండె వదులయిన సమయానికి తిరిగి వస్తుంది. బిరుసైన ధమనులలో త్వరగా వచ్చి, గుండె ఇంకా ముడుచుకొని ఉండగానే ఎదురు తగులుతుంది. ఫలితంగా ముకుళిత పీడనం పెరుగుతుంది, వికాస పీడనం తగ్గుతుంది. వృద్ధులలో 170/75 వంటి అంకెలు కనబడటానికి కారణం ఇదే. హృద్ధమనులకు రక్తం ఎక్కువగా అందేది గుండె వదులయినప్పుడు. కనుక గుండెకు పని పెరిగిన వేళనే దానికి రక్తం తగ్గుతుంది. ఒకప్పుడు ఈ రకం పోటును వైద్యులే సహజమని వదిలివేసేవారు. "వందకు వయస్సు కలిపితే ఎంతో అంత ఉండవచ్చు" అన్న పాత లెక్క నేటికీ తెలుగునాట వినిపిస్తుంది. ఆ లెక్క తప్పు. 60 ఏళ్ళు దాటి, ముకుళిత పీడనం మాత్రమే హెచ్చుగా ఉన్న 4,736 మందిపై అమెరికాలో జరిపి 1991లో ప్రకటించిన పరిశోధనలో, చవకైన క్లోర్థాలిడోన్ మాత్రతో మొదలుపెట్టిన చికిత్స పక్షవాతాలను 36 శాతం తగ్గించింది.

రెండవ మార్గం మూత్రపిండం ద్వారా. 1934లో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండ ధమనిని బిగించి, వాటి రక్తపోటు శాశ్వతంగా పెరగడాన్ని చూపాడు. రక్తం చాలని మూత్రపిండం రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దాని నుండి వరుసగా యాంజియోటెన్సిన్ పుడుతుంది. మానవులలో ఈ బిగింపు పనిని కొవ్వు ఫలకే చేస్తుంది. అదుపులో ఉన్న పోటు పెద్ద వయస్సులో ఉన్నట్టుండి మందులకు లొంగకపోతే వైద్యులు మూత్రపిండ ధమనిని పరీక్షించడానికి కారణం ఇది.

చరిత్ర

రక్తపీడనాన్ని మొట్టమొదట కొలిచినవాడు ఇంగ్లండుకు చెందిన మతాధికారి స్టీఫెన్ హేల్స్. గుర్రం ధమనికి గాజు గొట్టం అమర్చి, రక్తం 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు లేచిందని 1733లో ప్రకటించాడు. మనుష్యులలో అపాయం లేకుండా కొలిచే పట్టీని ఇటలీ వైద్యుడు రివా రోచి 1896లో రూపొందించాడు. 1905లో రష్యా వైద్యుడు కొరోట్‌కోవ్ చేతి ధమని మీద స్టెతస్కోపు ఉంచి వినే పద్ధతిని జోడించాడు.

కొలవడం తెలిసినా, తగ్గించాలా వద్దా అన్న వివాదం అర్ధ శతాబ్ది సాగింది. గట్టిపడిన ధమనుల గుండా రక్తాన్ని నెట్టడానికి పోటు అవసరమనీ, తగ్గిస్తే అవయవాలకు రక్తం అందదనీ పలువురు నమ్మేవారు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్‌కు 1944 మార్చిలో రక్తపోటు 186/108 ఉన్నట్లు వ్రాతలో ఉంది. అప్పటి వైద్యం ఉప్పు తగ్గించడం, విశ్రాంతి, డిజిటాలిస్ వరకే. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో కుప్పకూలినప్పుడు కొలవగా 300/190 దాటింది. అప్పటికి ఆయన వయస్సు 63. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన దీర్ఘకాల పరిశోధన పోటుకు, కొలెస్టరాలుకు, గుండెజబ్బుకు మధ్యగల సంబంధాన్ని 1961 నాటికి స్పష్టపరచింది.

ఆ కాలంలోనే భారతదేశం నుండి ఒక ఔషధం ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. సర్పగంధి వేరు పోటును తగ్గిస్తుందని గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే వ్రాశారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో తన అనుభవాన్ని ప్రచురించిన తరువాతనే పాశ్చాత్యులు దానిని పట్టించుకున్నారు. 1952లో స్విట్జర్లాండులో దాని నుండి రిసర్పిన్‌ను వేరుచేశారు. వకీల్‌కు 1957లో లాస్కర్ పురస్కారం లభించింది. రిసర్పిన్ వాడకం నేడు బాగా తగ్గిపోయింది. చిత్రమేమంటే, పేరులో సర్పం ఉన్న మొక్క వెనుకబడగా, నిజమైన పాము ముందుకు వచ్చింది. బ్రెజిల్ దేశపు ఒక రక్తపింజరి జాతి పాము విషంపై జరిగిన పరిశోధనల నుండి కాప్టోప్రిల్ రూపొంది, 1981లో అమెరికాలో అనుమతి పొందింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని వారసులే.

తెలుగు ప్రాంతాలలో

ధమనుల జబ్బు పట్టణవాసుల, ధనికుల జబ్బు అన్న నమ్మకాన్ని గోదావరి ప్రాంతపు గ్రామాలు వమ్ముచేశాయి. అక్కడి 45 గ్రామాలలో 2000 దశకంలో జరిగిన మరణాల కారణాలను ఇంటింటా విచారించగా, సుమారు మూడవ వంతు రక్తప్రసరణ వ్యవస్థ జబ్బుల వలన సంభవించినట్లు తేలింది. అంటువ్యాధులు వాటి తరువాతనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన పురుషులలో 24 శాతం, స్త్రీలలో 21 శాతం మందికి హెచ్చు రక్తపోటు ఉంది లేదా వారు దానికి మందు వాడుతున్నారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రెండూ ఈ సగటుకు పైననే ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన దినానికి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక చిన్న చెంచా. ఊరగాయ, అప్పడం, ఊరమిరప, ఎండుచేప వేటికవే ఆ లెక్కలో చేరతాయి. మజ్జిగలో వేసుకొనే ఉప్పును ఎవరూ లెక్కించరు. సోడియం స్థానంలో కొంత పొటాషియం కలిపిన ఉప్పును చైనాలోని 600 గ్రామాలలో వాడి చూసినప్పుడు పక్షవాతాలు 14 శాతం తగ్గినట్లు 2021లో ప్రకటించారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఇటువంటి ఉప్పు ప్రమాదకరం, వైద్యుని అడగనిదే వాడరాదు.

చికిత్స ప్రభావం

పోటు తగ్గించినప్పుడు ధమనులు మునుపటి స్థితికి వస్తాయా అన్నదానికి ఒకే సమాధానం లేదు. చిన్న ధమనుల గోడ మందం యాంజియోటెన్సిన్‌ను అడ్డుకొనే మందులతో కొంతవరకు తగ్గుతుంది. పెద్ద ధమనుల బిరుసుదనంలో పోటు వలన అప్పటికప్పుడు కలిగిన భాగం తగ్గుతుంది, తంతువులు తెగి కలిగిన భాగం తగ్గదు. పేరుకున్న సున్నం కరగదు. కొవ్వు ఫలకల పెరుగుదల నిలవాలంటే కొలెస్టరాలునూ తగ్గించాలి, పొగ మానాలి. అందువలన గోడలు చెడక ముందు మొదలుపెట్టిన చికిత్సకు, చెడిన తరువాత మొదలుపెట్టిన చికిత్సకు ఫలితంలో తేడా ఉంటుంది. అలాగని ఆలస్యమైనవారికి లాభం లేదనుకోరాదు. పైన చెప్పిన 1991 పరిశోధనలో పాల్గొన్నవారందరూ వృద్ధులే.

ఎంతవరకు తగ్గించాలన్నదానిపై 2015లో ప్రచురితమైన స్ప్రింట్ పరిశోధన ముఖ్యమైనది. 50 ఏళ్ళు దాటిన 9,361 మందిలో ముకుళిత పీడనాన్ని 140కి బదులు 120 లోపుకు తేవాలని ప్రయత్నించగా, గుండెజబ్బు, పక్షవాతం మొదలైనవి మొత్తం మీద 25 శాతం తగ్గాయి. అయితే కళ్ళు తిరిగి పడిపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం కొంత పెరిగాయి. మధుమేహులను, పక్షవాతం వచ్చినవారిని ఇందులో చేర్చలేదు.

"మందు మొదలుపెడితే జీవితాంతం మింగాలి" అన్న భయంతో పలువురు చికిత్సను వాయిదా వేస్తారు. మరికొందరు అంకెలు తగ్గగానే మానివేస్తారు. అంకెలు తగ్గినది మందు వలననే కనుక, మానితే సాధారణంగా మళ్ళీ పెరుగుతాయి. క్లోనిడిన్ వంటి కొన్ని మందులను హఠాత్తుగా మానితే పోటు మునుపటి కంటె ఎక్కువకు ఎగబాకవచ్చు. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ తరహా మందులు గర్భిణులకు నిషిద్ధం.

కొలవడంలో జాగ్రత్తలు

ఐదు నిమిషాలు కూర్చున్న తరువాత, వీపుకు ఆనింపుతో, చేతిని గుండె ఎత్తున ఉంచి కొలవాలి. అంతకు అరగంట ముందు కాఫీ, పొగ కూడదు. మొదటిసారి రెండు చేతులకూ కొలవడం మంచిది. రెండింటి మధ్య ముకుళిత పీడనంలో తేడా 15 మించితే, తక్కువ ఉన్న వైపు భుజానికి పోయే ధమని ఇరుకయి ఉండవచ్చు. అప్పుడు ఎక్కువ చూపిన చేతి అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. చేతి ధమని బాగా గట్టిపడిన కొందరు వృద్ధులలో పట్టీ గాలి దానిని నొక్కలేక, పరికరం అసలు కంటె ఎక్కువ పీడనాన్ని చూపుతుంది. ఎన్ని మందులిచ్చినా అంకె తగ్గక, రోగికి మాత్రం కళ్ళు తిరుగుతుంటే వైద్యులు ఈ అవకాశాన్ని పరిశీలిస్తారు.